పోలీసు ఉద్యోగం పాలీగ్రాఫ్ దగ్గర ఆగిపోతే: అమెరికాలో అప్పీల్ చేసే పద్ధతి

మా అక్క కొడుకు టెక్సాస్‌లో ఒక సిటీ పోలీసు ఉద్యోగానికి రాత పరీక్ష, పరుగు, ఇంటర్వ్యూ అన్నీ గట్టెక్కి పాలీగ్రాఫ్ దగ్గర, అంటే అబద్ధాలు పట్టే మిషన్ (లై డిటెక్టర్) పరీక్ష దగ్గర ఆగిపోయాడు. "మామయ్యా, నేను ఒక్క అబద్ధం కూడా ఆడలేదు" అని ఫోన్‌లో ఒకటే మాట. ఆ రాత్రే ఇద్దరం కూర్చుని, కోపంలో రెండు పేజీల ఈమెయిల్ కొట్టి పంపేశాం. మేం చేసిన మొదటి తప్పు అదే.

అప్పటినుంచి డాలస్, సియాటిల్ వైపు తెలుగు పిల్లలూ, వాళ్ల అమ్మానాన్నలూ ఇదే విషయం అడుగుతున్నారు. ప్రతిసారీ మొదటినుంచీ చెప్పే బదులు వరసగా రాసి పెడుతున్నాను. నేను లాయర్ని కాను. చూసిందీ, చదివిందీ, చేతులు కాల్చుకున్నదీ చెబుతున్నాను.

మిషన్ తప్పని నిరూపించి ఉద్యోగం తెచ్చుకున్నవాళ్లు నాకు ఇంతవరకూ తారసపడలేదు. ఆ గదిలో జరిగింది ఒకటి, కాగితం మీదికి ఎక్కింది ఇంకొకటి అని చూపించగలిగినవాళ్ల మాట మాత్రం కాస్త చెల్లింది. కింద రాసిన మెట్లన్నీ ఆ తేడా పట్టుకోవడానికే.

## 1. అసలు ఏది పోయిందో తేల్చుకోండి

"పాలీగ్రాఫ్ ఫెయిల్" అని అందరూ ఒకే మాట అంటారు గానీ అందులో నాలుగు రకాలున్నాయి. ఒక్కోదానికి మందు వేరు.

చార్టు (మిషన్ గీసే గీతల) తేడా. మీరు ఏమీ ఒప్పుకోలేదు. ఒకటి రెండు ప్రశ్నల దగ్గర శరీరం ఎక్కువగా స్పందించిందని ఎగ్జామినర్ రాశారు. రిపోర్టులో "డిసెప్షన్ ఇండికేటెడ్" అనో "సిగ్నిఫికెంట్ రెస్పాన్స్" అనో ఉంటుంది. రీటెస్ట్ అడగడానికి ఎక్కువ వీలున్నది ఇక్కడే.

తేలలేదు. "ఇన్‌కన్‌క్లూజివ్" లేదా "నో ఒపీనియన్". ఇది ఫెయిల్ కాదు. చాలామంది ఫెయిలనుకుని చేతులెత్తేస్తారు. రీటెస్ట్ ఎప్పుడని అడగండి, అంతే.

ఒప్పుకోలు. టెస్టుకు ముందో, తర్వాతో మాటల్లో మీరు చెప్పిన విషయమే మిమ్మల్ని తీసేసింది. డ్రగ్స్, దొంగతనం, దరఖాస్తులో రాయని పాత ఉద్యోగం, ఏదైనా కావచ్చు. ఇక్కడ మిషన్‌ని తిట్టి లాభం లేదు. చార్టు శుభ్రంగా ఉన్నా ఉద్యోగం రాదు. మీరన్న మాటను వాళ్లు ఎలా రాసుకున్నారన్నదే వాదన.

కౌంటర్‌మెజర్స్. మీరు ఊపిరి బిగబట్టో, కాలివేళ్లు నొక్కో మిషన్‌ని మోసం చేయబోయారని రాశారు. నాలుగింటిలోనూ గడ్డు రకం ఇదే. సహకరించలేదన్న ముద్ర పడుతుంది, రీటెస్ట్ దొరకడం కష్టం.

మావాడు తనది మొదటి రకం అనుకున్నాడు. కాగితాలు వచ్చాక చూస్తే మూడోది.

## 2. మొదటి రెండు రోజులు

ఫలితం తెలిసిన రోజున చేయాల్సిన పని ఒక్కటే: కూర్చుని రాయడం. జ్ఞాపకం గంటగంటకీ కరిగిపోతుంది, పైగా ఇంట్లోవాళ్లతో మాట్లాడేకొద్దీ కథ మారిపోతుంది.

- ఏ గంటకు లోపలికి వెళ్లారు, ఎప్పుడు బయటికి వచ్చారు, మధ్యలో విరామం ఇచ్చారా
- అడిగిన ప్రశ్నలు, గుర్తున్నంతవరకు అదే మాటల్లో, ఇంగ్లీషులోనే
- ప్రతి ప్రశ్నకీ మీ జవాబు, మీరు అడిగిన సందేహం, దానికి ఎగ్జామినర్ చెప్పింది
- వైర్లు తీసేశాక జరిగిన సంభాషణ విడిగా
- ముందురోజు నిద్ర ఎన్ని గంటలు, ఆ రోజు తిన్నది, వేసుకున్న మందులు, జ్వరం, దగ్గు
- గదిలో కెమెరా కనిపించిందా, సంతకం పెట్టిన కాగితాలు ఏవి

రాసిన కాగితం మీద తేదీ వేసి, దాన్ని మీకు మీరే ఈమెయిల్ చేసుకోండి. ఎప్పుడు రాశారన్నదానికి అదే సాక్ష్యం.

ఈ రెండు రోజుల్లో చేయకూడనివీ ఉన్నాయి. ఎగ్జామినర్‌కి ఫోన్ చేయకండి. మీ గతం గురించి ఆరా తీసే బ్యాక్‌గ్రౌండ్ ఇన్వెస్టిగేటర్‌తో వాదించకండి. "ఇంకో విషయం చెప్పడం మర్చిపోయాను" అంటూ మెసేజ్ పెట్టకండి, అది కొత్త ఒప్పుకోలు అయి కూర్చుంటుంది. సోషల్ మీడియాలో ఒక్క ముక్క కూడా వద్దు. మీ పోస్టులు చూడటం ఇన్వెస్టిగేటర్ పనిలో భాగమే.

## 3. గడువు ఎంత, అప్పీల్ ఎవరికి

వచ్చిన లెటర్ మళ్లీ చదవండి, వెనక పేజీతో సహా. అప్పీల్ గడువు కొన్నిచోట్ల నెల ఉంటే కొన్నిచోట్ల వారం పది రోజులే. గడువు దాటితే లోపల ఎంత బలమైన విషయం ఉన్నా చదివేవాళ్లుండరు.

ఫెడరల్ సంస్థలు. ఎఫ్‌బీఐ కొత్తగా తీసుకునే ప్రతి ఒక్కరికీ పాలీగ్రాఫ్ పెడుతుంది. బోర్డర్ పెట్రోల్ ఉండే కస్టమ్స్, సరిహద్దు సంస్థ సీబీపీలో లా ఎన్‌ఫోర్స్‌మెంట్ ఉద్యోగాలకు 2010 నాటి చట్టం దాన్ని తప్పనిసరి చేసింది. ఆ సంస్థలో దాదాపు ముగ్గురిలో ఇద్దరు అక్కడే ఆగిపోతున్నారని 2017లో వార్తలొచ్చాయి, కాబట్టి మీరొక్కరే అనుకోకండి. ఈ సంస్థల్లో అప్పీల్ అంటే విచారణ కాదు. మీ ఉత్తరాన్నీ పాత ఫైలునీ లోపలివాళ్లే చూసి రీటెస్ట్ ఇవ్వాలా వద్దా అన్నది చెబుతారు.

ఫెడరల్ ఉద్యోగుల అప్పీళ్లు వినే ఎమ్‌ఎస్‌పీబీ అనే మెరిట్ బోర్డుకి వెళ్లొచ్చు కదా అని అడుగుతుంటారు. ఒక ఉద్యోగానికి తీసుకోకపోవడం అక్కడ అప్పీల్‌కి నిలబడదు. ఇన్నేళ్లపాటు ఫెడరల్ ఉద్యోగాలకే అనర్హులని డిబార్ చేసినట్టు లెటర్ వస్తే సంగతి వేరు. అప్పుడు సాధారణంగా 30 రోజుల గడువుంటుంది, వెంటనే లాయర్ని కలవండి.

సిటీ, కౌంటీ పోలీసులు. ఉద్యోగ నియామకాలు చూసే సివిల్ సర్వీస్ కమిషన్ ఉన్న ఊళ్లలో అప్పీల్ పద్ధతి రాతపూర్వకంగా ఉంటుంది, కొన్నిచోట్ల మీరు వెళ్లి మాట్లాడొచ్చు కూడా. కమిషన్ లేని చిన్న డిపార్ట్‌మెంట్లలో చీఫ్‌కో, రిక్రూటింగ్ లెఫ్టినెంట్‌కో రాయాలి. హెచ్‌ఆర్‌కి ఫోన్ చేసి ఒకే ప్రశ్న అడగండి: "డిస్‌క్వాలిఫికేషన్ రివ్యూ ఎవరికి పంపాలి, ఎన్ని రోజుల్లో?" జవాబు ఈమెయిల్‌లో ఇమ్మనండి.

రాష్ట్ర చట్టం. వాషింగ్టన్ రాష్ట్రంలో పోలీసుగా సర్టిఫికేషన్ రావాలంటే చట్టప్రకారమే సైకలాజికల్ పరీక్షతో పాటు పాలీగ్రాఫ్ లేదా అలాంటి మరో పరీక్ష దాటాలి. మసాచుసెట్స్‌లో దానికి పూర్తిగా ఎదురు: పోలీసు ఉద్యోగానికి వచ్చినవాళ్లకి కూడా లై డిటెక్టర్ పెట్టకూడదని చట్టంలో స్పష్టంగా ఉంది. కాలిఫోర్నియాలో, ఇప్పటికే పోలీసుగా పనిచేస్తున్నవాళ్లని పాలీగ్రాఫ్‌కి బలవంతపెట్టకూడదు గానీ కొత్తగా దరఖాస్తు పెట్టినవాళ్లకి ఆ రక్షణ లేదు. మీ రాష్ట్రం సంగతి ముందే చూసుకోండి.

"1988 చట్టం పాలీగ్రాఫ్‌ని నిషేధించింది కదా" అని మేం కూడా ఆ కోపపు ఈమెయిల్‌లో రాశాం. ఆ చట్టం ప్రైవేటు కంపెనీలకి. ఫెడరల్, రాష్ట్ర, స్థానిక ప్రభుత్వాలకి అది వర్తించదని అందులోనే రాసి ఉంది. అప్పీల్‌లో ఆ మాట రాస్తే, చదివేవాళ్లకి మీరు సగమే చదివారని తెలిసిపోతుంది.

## 4. కాగితాలు రాబట్టుకోండి

అప్పీల్ కంటే ముందే, లేదా అదే రోజు, రికార్డుల కోసం రాయండి. రికార్డులు వచ్చేదాకా అప్పీల్ ఆపకండి. గడువులోగా చిన్న అప్పీల్ పెట్టి, "రికార్డులు అందాక అదనపు వివరాలు పంపుతాను" అని ఒక వాక్యం చేర్చండి.

ఫెడరల్ సంస్థయితే ప్రభుత్వం దగ్గరున్న మీ రికార్డుల మీద మీకు హక్కిచ్చే 1974 నాటి ప్రైవసీ యాక్ట్, సమాచార హక్కు చట్టమైన ఫోయా, రెండిటి కిందా ఒకే ఉత్తరంలో అడగొచ్చు. ప్రైవసీ యాక్ట్ అమెరికా పౌరులకీ గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకే వర్తిస్తుంది. మీరే మీరని రుజువు జతచేయాలి: నోటరీ, లేదా అబద్ధమైతే శిక్షకు సిద్ధమన్న ప్రకటనతో సంతకం. ఫోయా కింద జవాబుకి 20 పనిదినాలన్నది లెక్క. నిజానికి నెలలు పడుతుంది. కాదంటే దానిమీద అప్పీల్‌కి కనీసం 90 రోజులిస్తారు.

సిటీ, కౌంటీ అయితే ఆ రాష్ట్రపు పబ్లిక్ రికార్డుల చట్టం కింద అడగాలి.

పేరుపేరునా అడగండి. "నా ఫైలు అంతా" అంటే వాళ్లు ఇవ్వదలుచుకున్నదే ఇస్తారు.

- ఎగ్జామినర్ రాసిన రిపోర్టు, నా మాటలుగా రాసినవన్నీ
- ఆడియో, వీడియో రికార్డింగ్
- చార్టులు, స్కోరు షీట్లు, ప్రశ్నల జాబితా
- క్వాలిటీ కంట్రోల్ రివ్యూ నోట్సు
- నేను సంతకం పెట్టిన అంగీకార పత్రాలు
- బ్యాక్‌గ్రౌండ్ ఇన్వెస్టిగేటర్ సారాంశం

చార్టులూ ప్రశ్నలూ పరిశోధన పద్ధతుల పేరుతో నల్లగా కొట్టేసి పంపడం మామూలే. ఫర్వాలేదు. మీకు అన్నిటికన్నా ముఖ్యమైనది మొదటిది: మీ నోట్లోంచి వచ్చినట్టుగా వాళ్లు రాసిన మాటలు.

వీడియోలు ఎల్లకాలం దాచరు. అందుకే మొదటి వారంలోనే "నా పరీక్షకు సంబంధించిన రికార్డింగులు చెరిపేయకుండా భద్రపరచండి" అని విడిగా ఒక పేరా ఉత్తరం పంపండి. ఈమెయిల్‌తో పాటు సర్టిఫైడ్ మెయిల్‌లో కూడా.

## 5. ఆ గదిని మళ్లీ తిరగేయండి

ఇక్కడ తొందరపడకండి. అప్పీల్‌కి సరుకు దొరికేది ఈ మెట్టులోనే.

మిషన్ సంగతి క్లుప్తంగా: ఛాతీకీ పొట్టకీ రెండు గొట్టాలు, చేతికి బీపీ పట్టీ, వేళ్లకి చెమట కొలిచే బిళ్లలు, కూర్చున్న చోట కదలిక పట్టే మెత్త. ఇవన్నీ శరీరపు అలజడిని కొలుస్తాయి. అలజడి ఎందుకొచ్చిందో చెప్పలేవు. నిర్ణయించేది ఎగ్జామినర్.

చాలా పరీక్షల్లో అసలు ప్రశ్నల పక్కన పోలిక ప్రశ్నలుంటాయి. "నిన్ను నమ్మినవాళ్లతో ఎప్పుడైనా అబద్ధం చెప్పావా?" లాంటివి. లేదని చెప్పేటప్పుడు ఎవరికైనా కొంచెం గుండె జారుతుంది. ఆ జారుడు కంటే "తీవ్రమైన నేరం చేశావా?" అన్న ప్రశ్న దగ్గర జారుడు ఎక్కువుంటే ఫెయిల్. మరి నేరం అన్న మాట వినగానే, చేయకపోయినా గుండె దడదడలాడేవాళ్ల సంగతేంటి? ఈ పద్ధతికి పాత విమర్శే ఇది.

నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ 2003 నివేదికలో ఒక లెక్క వేసి చూపించింది. పదివేల మంది ఉద్యోగుల్లో పదిమంది గూఢచారులున్నారనుకుందాం. ఎనిమిది మందైనా దొరికేలా మిషన్‌ని కట్టుదిట్టం చేస్తే ఫెయిలయ్యేవాళ్లు 1,606 మంది. అందులో 1,598 మంది అమాయకులు. ఈ కచ్చితత్వంతో ఫెడరల్ ఉద్యోగుల భద్రతా స్క్రీనింగ్‌ని దీనిమీద ఆధారపెట్టడం సబబు కాదని ఆ నివేదిక తేల్చింది.

లెక్క బాగుంది. కానీ ఉత్తరంలో దీనికి ఒక వాక్యమే ఇవ్వండి. చదివే అధికారికి ఈ నివేదిక కొత్త కాదు, అది తెలిసే టెస్టు పెడుతున్నారు. ఆయనకి కావాల్సింది మీ పరీక్షలో ఏం తేడా వచ్చిందన్నది. కాబట్టి వెతకాల్సినవి ఇవి:

ప్రశ్న అర్థంలో తేడా. ముందుమాటల్లో "డ్రగ్స్ అమ్మడం అంటే డబ్బు తీసుకుంటేనే" అని మీకు చెప్పి, టెస్టులో "ఎవరికైనా ఇచ్చావా" అని అడిగారా?

శరీరం. ఆస్తమా ఇన్‌హేలర్, బీపీకి వాడే బీటా బ్లాకర్లు, జ్వరం, దగ్గు, నైట్ షిఫ్ట్ చేసి నిద్రలేకుండా వెళ్లడం. ముందే చెప్పారా, రిపోర్టులో రాశారా? డాక్టర్ లెటర్ తేదీతో ఉండాలి. "ఫలానా తేదీన ఫలానా మందు వాడుతున్నారు" అంటే చాలు, "ఇతను నిజాయితీపరుడు" అని డాక్టర్ రాయక్కర్లేదు.

పరిస్థితులు. విరామం లేకుండా గంటలకొద్దీ సాగడం, మధ్యలో ఎవరో లోపలికి రావడం, మిషన్ ఆపి మళ్లీ మొదలుపెట్టడం.

వైర్లు తీశాక జరిగిన మాటలు. మావాడు పడింది ఇక్కడే. ఎగ్జామినర్ కుర్చీ దగ్గరికి జరుపుకుని, గొంతు తగ్గించి, "ఈ ప్రశ్న దగ్గర నీకేదో గుర్తొస్తోంది, చెప్పేస్తే నేను సాయం చేయగలను" అంటాడు. మనకి పెద్దవాళ్లు బతిమాలుతుంటే కాదనడం చేతకాదు. ఏదో ఒకటి ఇచ్చి పంపించాలనిపిస్తుంది. మావాడు కాలేజీలో రూమ్మేట్ గంజాయి తాగుతుంటే అదే గదిలో ఉన్న సంగతి చెప్పాడు. "నువ్వు ఒక్క పీల్పు కూడా పీల్చలేదంటావా?" అంటే "మేబీ, పొగ లోపలికి పోయి ఉండొచ్చు" అన్నాడు. రిపోర్టులో ఏముందంటే: "అభ్యర్థి గంజాయి వాడకాన్ని మొదట దాచి, పరీక్ష తర్వాత అంగీకరించాడు."

ఆ "మేబీ" వీడియోలో ఉందా, రిపోర్టులో ఉందా అన్న ఒక్క ప్రశ్న మీదే మా అప్పీలంతా నడిచింది.

## 6. మనవాళ్లు తడబడే చోట్లు

ఈ భాగం వేరే గైడుల్లో దొరకదు, అందుకే కొంచెం విడమరుస్తాను.

మందులు పంచుకోవడం. ఊరినుంచి అమ్మ పంపిన నొప్పి మాత్రలు, దగ్గు మందు. వేరేవాళ్ల పేరుమీద రాసిన మందు వాడటం ఇక్కడ డ్రగ్స్ ప్రశ్నలోకి వస్తుంది. టెస్టులో హఠాత్తుగా గుర్తొచ్చి గుండె జారితే అదే చార్టు తేడా.

గంజాయి. మీ రాష్ట్రంలో చట్టబద్ధమే కావచ్చు, ఫెడరల్ చట్టంలో కాదు. ఎఫ్‌బీఐ నిబంధన 2021లో కొంత సడలింది. దరఖాస్తుకి ముందు ఏడాదిలో వాడకూడదు అన్నది ఇప్పటి లెక్క. హోళీనాడు తాగిన భంగు కూడా అదే ఖాతా.

లంచం. "ప్రభుత్వ ఉద్యోగికి ఎప్పుడైనా డబ్బిచ్చావా?" అన్నప్పుడు ఇండియాలో పాస్‌పోర్టు ఎంక్వయిరీకి ఇంటికొచ్చిన కానిస్టేబుల్ గుర్తొస్తాడు. రిజిస్ట్రేషన్ ఆఫీసు గుర్తొస్తుంది. నాన్నగారు ఇచ్చినదానికి మీరు జవాబుదారీ కాదు, మీరిచ్చింది ఉంటే అది దరఖాస్తులోనే రాయాల్సిన సంగతి.

రెజ్యూమె. కన్సల్టెన్సీ వేసిన దొంగ అనుభవం. ఓపీటీ (చదువు తర్వాత స్టూడెంట్ వీసా మీద పనిచేసే) రోజుల్లో ఎవరో రాసిపెట్టిన మూడేళ్ల ప్రాజెక్టు. ఇది పాలీగ్రాఫ్ సమస్య కాదు, నిజమైన సమస్య. ఇమ్మిగ్రేషన్ కాగితాలతో ముడిపడితే అప్పీల్ ఊసెత్తకముందే లాయర్ దగ్గరికి వెళ్లండి.

తల ఊపడం. మనం అవునన్నా కాదన్నా తల ఆడిస్తాం. కుర్చీలో కదలిక పట్టే మెత్తలో అది నమోదవుతుంది. నవ్వొచ్చే విషయమే గానీ, కదలికలు ఎక్కువైతే కౌంటర్‌మెజర్స్ అన్న అనుమానానికి దారిస్తుంది. అలాగే ప్రశ్న అర్థంకాకపోయినా మర్యాదకి "యెస్" అనడం. ఇంగ్లీషు మాట స్పష్టంగా లేకపోతే మళ్లీ చెప్పమని అడగడం తప్పు కాదు. అడిగినా వివరించలేదంటే అది అప్పీల్‌లో రాయదగ్గ పాయింటు.

## 7. ఉత్తరం

ఒకటిన్నర పేజీ. రెండు దాటకూడదు. వరస ఇది:

1. మొదటి పేరా: పేరు, దరఖాస్తు నంబరు, పరీక్ష తేదీ, ఏ నిర్ణయాన్ని పునఃపరిశీలించమంటున్నారో, ఏం కావాలో. "వేరే ఎగ్జామినర్‌తో రీటెస్ట్" అని స్పష్టంగా అడగండి. ఉద్యోగం ఇచ్చేయమని అడగకండి.
2. రెండో పేరా: ఫలితం ఏ ప్రశ్న దగ్గర వచ్చిందని మీకు చెప్పారో, ఆ విషయంలో నిజం ఏమిటో. నాలుగు వాక్యాలు.
3. మూడో పేరా: తేడా. రిపోర్టులో ఈ వాక్యం ఉంది, నేనన్నది ఈ వాక్యం, రికార్డింగ్ చూడండి. అనారోగ్యమైతే డాక్టర్ లెటర్ జతచేశాను.
4. నాలుగో పేరా: ఆ విషయాన్ని మిషన్ లేకుండా తేల్చే ఆధారాలు. డ్రగ్ టెస్ట్ ఫలితాలు, పాత యజమాని లెటర్, కోర్టు క్లియరెన్స్, రూమ్మేట్ వాంగ్మూలం.
5. చివర: సహకరిస్తానన్న ఒక వాక్యం, ఫోన్ నంబరు, జతచేసిన కాగితాల జాబితా.

తరచూ చూసే తప్పులు, వాటికి మందు:

- ఎగ్జామినర్‌ని అబద్ధాలకోరు అనడం. దాని బదులు "రిపోర్టులోని సారాంశం నా మాటలతో సరిపోలడం లేదు" అనండి.
- "మా కుటుంబం చాలా మర్యాదస్తులం" అనడం. తీసేయండి.
- గుడి కమిటీ ప్రెసిడెంట్, తెలుగు సంఘం పెద్దలతో పదిహేను సిఫారసు లెటర్లు. రెండు చాలు, అవీ ఆ విషయం స్వయంగా తెలిసినవాళ్లవి.
- దరఖాస్తులో ఉన్నదానికీ ఉత్తరంలో ఉన్నదానికీ తేదీలు కలవకపోవడం. రెండూ పక్కపక్కన పెట్టుకుని వేలు పెట్టి చదవండి.
- మంచి ఇంగ్లీషు కోసం వేరేవాళ్లతో రాయించి, చదవకుండా సంతకం పెట్టడం. ఫెడరల్ సంస్థకి తెలిసి తప్పుడు మాట రాసిస్తే అది నేరం, అయిదేళ్లదాకా జైలు పడొచ్చు.

బయట డబ్బు కట్టి ప్రైవేటు పాలీగ్రాఫ్ చేయించుకుని ఆ ఫలితం జతచేయొచ్చా? చేయొచ్చు, కానీ నా ఉద్దేశంలో అది చివరి పని. మీరు డబ్బిచ్చి పెట్టించుకున్న టెస్టులో పాసైతే చదివేవాళ్లు పెద్దగా పట్టించుకోరు. ఫెయిలైతే, తర్వాత ఎవరైనా "ఇంకెక్కడైనా పాలీగ్రాఫ్ తీసుకున్నారా" అని అడిగినప్పుడు అదీ చెప్పాలి. చార్టులు చేతికొస్తే మాత్రం అనుభవమున్న వేరే ఎగ్జామినర్‌తో వాటిని చదివించడం మంచి ఖర్చు.

## 8. రీటెస్ట్ ఇస్తే

పండగ చేసుకోకండి, భయపడకండి. ముందు వారంలో:

- దరఖాస్తు కాపీ రెండుసార్లు చదవండి
- ఒప్పుకోవాల్సినవి ఉంటే ఒక కాగితం మీద రాసి, వైర్లు పెట్టకముందే ఒకేసారి చెప్పండి
- "మేబీ", "అయ్యుండొచ్చు" మాటలు వదిలేయండి. జరిగితే అవును, జరగకపోతే కాదు, గుర్తులేకపోతే గుర్తులేదు
- రోజూ వేసుకునే మందులు ఆపకండి, కొత్తవి మొదలుపెట్టకండి
- మామూలుగా తినండి, ఎప్పుడూ తాగే కాఫీ తాగండి, నిద్రపోండి

టెస్టుని ఓడించే చిట్కాలు నేర్పుతామనేవాళ్ల దగ్గరికి పోవద్దు. 2013లోనూ 2015లోనూ అలా నేర్పినవాళ్లకి ఫెడరల్ కోర్టుల్లో జైలు శిక్షలు పడ్డాయి. పైగా ఎగ్జామినర్ ముందే అడుగుతాడు: "ఈ పరీక్ష గురించి ఏం చదివావు?" చదివింది దాచకుండా చెప్పండి. అప్పీల్ ఎలా చేయాలో చదివానంటే తప్పేమీ లేదు.

వైర్లు తీశాక ఏమైనా అడిగితే, "నేను చెప్పాల్సింది చెప్పాను, ఇంకేమీ లేదు" అని మర్యాదగా, ఎన్నిసార్లయినా అదే మాట. మౌనం ఇబ్బందిగా ఉంటుంది. ఉండనివ్వండి.

## 9. లాయర్, కోర్టు, వివక్ష ఫిర్యాదు

కోర్టు మీద పెద్ద ఆశలు పెట్టుకోవద్దు. ఎఫ్‌బీఐ పాలీగ్రాఫ్‌లో ఫెయిలైన కొందరు వేసిన కేసులో 2006లో వాషింగ్టన్ డీసీ ఫెడరల్ కోర్టు ప్రభుత్వం వైపే తీర్పిచ్చింది. 1998లో సుప్రీంకోర్టు సైనిక కోర్టుల్లో పాలీగ్రాఫ్ సాక్ష్యాన్ని నిషేధించే నిబంధనని సమర్థించింది. దాన్ని చూపించి "కోర్టే నమ్మలేదు, మీరెలా నమ్ముతారు" అంటారు చాలామంది. సాక్ష్యానికి వేరే తూకం, ఉద్యోగ ఎంపికకి వేరే తూకం. ఇండియాలో 2010లో సుప్రీంకోర్టు బలవంతపు పాలీగ్రాఫ్ చెల్లదన్న సెల్వి కేసు కూడా కొందరు ఎత్తుతారు, అదీ నిందితుల సంగతే, ఇక్కడ దానికి చోటు లేదు.

వేరే దారి ఒకటుంది. ఎగ్జామినర్ మీ మతం, పుట్టిన దేశం, యాస మీద మాట తూలితే, లేదా కండిషనల్ జాబ్ ఆఫర్ (షరతుల మీద ఉద్యోగం ఇస్తామన్న మాట) ఇవ్వకముందే మీ జబ్బుల గురించి, మందుల గురించి ఆరా తీస్తే, అది పాలీగ్రాఫ్ అప్పీల్ కాదు, వివక్ష ఫిర్యాదు. దాని గడువులు వేరు: ఫెడరల్ సంస్థయితే 45 రోజుల్లో ఆ సంస్థలో వివక్ష ఫిర్యాదులు చూసే ఈఈఓ కౌన్సిలర్‌ని కలవాలి. సిటీ, కౌంటీ అయితే ఉద్యోగ వివక్ష చూసే ఫెడరల్ సంస్థ ఈఈఓసీకి 180 రోజులు, చాలా రాష్ట్రాల్లో 300. లోపలి అప్పీల్ నడుస్తోందని ఈ గడియారం ఆగదు.

లాయర్‌ని ఎప్పుడు పెట్టుకోవాలి? ఒప్పుకోలులో నేరం ఉంటే, కౌంటర్‌మెజర్స్ అని రాస్తే, ఇమ్మిగ్రేషన్ ముడి ఉంటే, డిబార్ చేస్తే. ఉత్త చార్టు తేడాకి గంటసేపు సలహా చాలు.

## 10. కాదన్న లెటర్ వస్తే

ఎక్కువ అప్పీళ్లకి వచ్చేది ఇదే. మళ్లీ దరఖాస్తు ఎన్నాళ్ల తర్వాత పెట్టొచ్చో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి. మీ ఉత్తరాన్ని ఫైల్లో ఉంచమని అడగండి. ఫెడరల్ అయితే ప్రైవసీ యాక్ట్ కింద తప్పు రికార్డు సవరించమని కోరొచ్చు, కాదంటే మీ అభ్యంతరాన్ని జతచేయమనొచ్చు.

తర్వాత పెట్టే ప్రతి దరఖాస్తులోనూ "ఇదివరకు వేరే డిపార్ట్‌మెంట్‌కి దరఖాస్తు పెట్టారా, పాలీగ్రాఫ్ తీసుకున్నారా, ఫలితమేమిటి" అని ఉంటుంది. దాచకండి. వాళ్లు పాత డిపార్ట్‌మెంట్‌కి ఫోన్ చేస్తారు.

మావాడి అప్పీల్ తిరస్కరించారు. వీడియో చూశామనీ, నిర్ణయం మారదనీ రెండు లైన్లు. ఎనిమిది నెలల తర్వాత పక్క కౌంటీ షెరిఫ్ ఆఫీసుకి పెట్టినప్పుడు ఆ గడిలో తేదీ, డిపార్ట్‌మెంట్ పేరు, "ఫెయిల్" అని రాసి, అప్పీల్ ఉత్తరం కాపీ జతచేశాడు. అక్కడి ఇన్వెస్టిగేటర్ ఆ "మేబీ" గురించి పది నిమిషాలు అడిగాడట. వీడు అదే కథ, అవే తేదీలు చెప్పాడు. పాలీగ్రాఫ్ వచ్చే నెల 9న.